తాతయ్య లావెక్కలేదు, టీవీ వెడల్పయింది

మన ఇళ్ళలో టీవీలు పెట్టెల్లా ఉండడం మానేసి, పల్చబడి, వెడల్పై, గోడకెక్కి చాలా ఏళ్ళయింది. అవి గోడకెక్కిన రోజునుంచీ పాత వీడియోల్లో మన చుట్టాలందరూ లావెక్కారు. పెళ్ళికూతురి బుగ్గలు పూరీల్లా పొంగాయి. రివటలా ఉండే పురోహితులవారు వస్తాదులా కనిపిస్తున్నారు. గోడ గడియారం కోడిగుడ్డయింది, కొబ్బరికాయ గుమ్మడికాయయింది. పాత కేసెట్టు కదా, అలాగే ఉంటుందిలే అని చాలామంది సరిపెట్టుకుంటున్నారు. కేసెట్టు పాపం ఏమీ చెయ్యలేదు. ఒక ఆకారంలో ఉన్న బొమ్మని ఇంకో ఆకారంలో ఉన్న తెరమీద పరిచేటప్పుడు ఎవరో ఒకరు, లేదా ఏదో ఒక యంత్రం, మనల్ని అడక్కుండా ఒక నిర్ణయం తీసుకుంది. ఆ నిర్ణయం ఏమిటి, దాన్ని మనమే తీసుకోవాలంటే ఏం తెలిసుండాలి అన్నది ఇక్కడ చెప్పదలుచుకున్నాను.

ఇంగ్లీషులో దీన్ని ఏస్పెక్ట్ రేషియో అంటారు. పదం బరువుగా ఉన్నా విషయం తేలికే. బొమ్మ వెడల్పుని ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె. నేను దాన్ని ఉత్త ‘నిష్పత్తి’ అంటాను. పాత పెట్టె టీవీ నిష్పత్తి 4:3, అంటే 1.33. ఇప్పటి గోడ టీవీది 16:9, అంటే 1.78. సినిమాస్కోప్ సినిమాది దాదాపు 2.35. నిలువుగా పట్టుకుని తీసిన ఫోను వీడియోది 9:16, అంటే 0.56. ఒక నిష్పత్తిలో ఉన్న బొమ్మ ఇంకో నిష్పత్తి తెరని పూర్తిగా కప్పాలంటే, దుప్పటి పొట్టిదైన ఇంట్లో పడుకునేవాడి కష్టమే. తలమీదికి లాగితే కాళ్ళు బయటికొస్తాయి. అంచులు కోసెయ్యాలి, లేదా సాగదియ్యాలి, లేదా కొంత తెర ఖాళీగా ఉందని ఒప్పుకోవాలి. ఇవేవీ కాకపోతే, లేని గుడ్డ నేసి అతకాలి. ఈ మధ్య ఆ చివరిది కూడా చేస్తున్నారు, దాని సంగతి తరువాత.

ఇదంతా ఇంజనీర్ల చాదస్తంలే అనిపించవచ్చు. మా అక్కయ్య పెళ్ళి 1996లో జరిగింది. ఆ కేసెట్టుని ఇక్కడ ఒక దుకాణంలో ఇచ్చి కంప్యూటర్ ఫైలుగా మార్పించారు. అక్కయ్య కూతురు అది చూస్తూ, “మావయ్యా, తాతయ్యకి షుగర్ ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైంది, ఎంత లావుగా ఉండేవారో!” అంది. మా నాన్నగారు జీవితంలో ఎప్పుడూ యాభై అయిదు కిలోలు దాటలేదు. ఈ పిల్ల పుట్టకముందే పోయారు. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ, కండువా సర్దుకుంటూ కనబడేది మాకున్న ఆ ఒక్క కేసెట్టులోనే. మాకు ఆయన గుర్తున్నారు కనుక బొమ్మ ఎలా ఉన్నా మనసు దాన్ని సరిచేసుకుంటుంది. ఆ పిల్లకి తాతయ్య అంటే ఆ బొమ్మే. వేరే ఆధారం లేదు.

లెక్క చూద్దాం. 4:3 బొమ్మని 16:9 తెర నిండా సాగదీస్తే ఎత్తు మారదు, వెడల్పు సరిగ్గా మూడోవంతు పెరుగుతుంది. ఆరంగుళాల ముఖం ఎనిమిదంగుళాలవుతుంది. మనిషి ముఖం విషయంలో మన కన్ను మహా పట్టింపు గలది. అంత తేడా వస్తే అదే మనిషి అన్నయ్యో తమ్ముడో అనిపిస్తాడు.

సాగదియ్యడంలో ఒక సుగుణం మాత్రం ఉంది. అది వెనక్కి తిప్పగలిగిన పాపం. బొమ్మలో అన్ని చోట్లా ఒకే లెక్కన సాగింది కనుక, అదే లెక్కన కుదిస్తే మళ్ళీ అసలు ఆకారం వస్తుంది. మా ఫైలు 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు. వెడల్పుని 1440కి కుదించమన్నాను, అంతే. నాన్నగారి దవడ ఎముకలు మళ్ళీ కనబడ్డాయి. తెరకి రెండు పక్కలా నల్లటి పట్టీలొచ్చాయి, రానివ్వండి.

కోసినవి అలా కాదు. మా బాబాయిగారబ్బాయి పెళ్ళి కేసెట్టుని మార్చినవారు ‘ఫుల్ స్క్రీన్’ చేసి పెట్టాం సార్ అని గర్వంగా చెప్పారట. 4:3 బొమ్మని మనుషులు లావెక్కకుండా 16:9లో నింపాలంటే ఎత్తులో పావువంతు పోతుంది. మన పెళ్ళి వీడియోలో ఆ పావువంతులో ఏముంటాయో ఆలోచించండి. పైన, తలల మీద జీలకర్ర-బెల్లం పెట్టిన చేతులు. కింద, మట్టెలు తొడిగే వేళ్ళు, సన్నికల్లు. ఓ మూలన కెమెరా వేసిన తారీఖు, టైము. అసలు కేసెట్టుకి బూజు పట్టిందని అప్పటికే పారేశారు. కనుక ఆ చేతులు ఇంక తిరిగిరావు. బొమ్మ నిండుగా ఉంది, ముహూర్తం మాత్రం లేదు. అందుకే కొయ్యకుండా నిష్పత్తి మార్చడమెలా అన్నది అడగదగ్గ ప్రశ్న.

అసలు ఇన్ని ఆకారాలు ఎందుకొచ్చాయో కొంచెం తెలుసుకుంటే ఎవరి మీదా కోపం రాదు. ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ 1890ల మొదట్లో 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఒక్కో బొమ్మకి నాలుగు చిల్లుల ఎత్తు కేటాయించాడు. దాంతో బొమ్మ 4:3 అయింది. మాటలొచ్చాక, ఫిల్ము అంచున సౌండుకి చోటివ్వవలసి వచ్చి, 1932లో హాలీవుడ్ అకాడమీ దాన్ని 1.37గా స్థిరపరిచింది. 1957 నాటి మన మాయాబజార్ ఈ కొలతలోదే. టీవీ పుట్టినప్పుడు సినిమా ఆకారాన్నే ఎరువు తెచ్చుకుంది. టీవీ ఇళ్ళలోకొచ్చి జనం హాళ్ళకి రావడం తగ్గేసరికి, ఇంట్లో దొరకనిదేదో చూపించాలని సినిమావాళ్ళు వెడల్పు పెంచారు. 1953లో ‘ది రోబ్’ సినిమాతో సినిమాస్కోప్ వచ్చింది. హిందీలో 1959లో ‘కాగజ్ కే ఫూల్’, తెలుగులో 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ మొదటి సినిమాస్కోప్ చిత్రాలు.

సినిమాస్కోప్‌లో ఉన్న కిటుకు మన కథకి బాగా పనికొస్తుంది. ఫిల్ము వెడల్పు పెంచలేదు. హెన్రీ క్రెటియెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు 1920లలో చేసిన కటకంలాంటిదాన్ని కెమెరాకి తగిలించారు. అది దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కేస్తుంది, నిలువుగా ముట్టుకోదు. ఫిల్ము చేతిలోకి తీసుకుని చూస్తే హీరో తాటిచెట్టులా సన్నగా పొడుగ్గా ఉంటాడు. హాల్లో ప్రొజెక్టరుకి తగిలించిన ఇంకో కటకం సరిగ్గా అంతే వెడల్పు చేస్తుంది. అంటే దాచేటప్పుడు ఆకారం పాడైనా ఫరవాలేదు, చూపించేవాడికి ఎంత విప్పాలో తెలిసి ఉంటే. విప్పడం మరిచిపోతేనే గొడవ. ఇండియన్ గ్రోసరీ దుకాణాల్లో తెలుగు సినిమా కేసెట్లు అద్దెకు తెచ్చుకున్న తరానికి ఇది బాగా గుర్తుండాలి. పేర్లు పడినంతసేపూ అక్షరాలు సన్నగా పొడుగ్గా ఉండేవి, ఎందుకంటే కోస్తే సగం పేర్లు పోతాయి. పేర్లు అయిపోగానే బొమ్మ మామూలుగా అయ్యేది, అంటే కోత మొదలయ్యేది. సినిమాస్కోప్ బొమ్మని 4:3 పెట్టెలో నింపితే వెడల్పులో నూటికి నలభై మూడు పాళ్ళు పోతుంది. రెండు పక్కలా నిలబడి మాట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకరి ముక్కు, ఇంకొకరి చెవి మిగిలేవి. మధ్యలో ఒక పూలకుండీ.

మరి 16:9 ఎక్కణ్ణించొచ్చింది? ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. 1980లలో కొత్త టీవీకి ఏ ఆకారం ఉండాలి అని అమెరికాలో సినిమా, టీవీ ఇంజనీర్లు తర్జనభర్జన పడుతున్నప్పుడు కెర్న్స్ పవర్స్ అనే ఆయన వాడుకలో ఉన్న నిష్పత్తులన్నిటికీ ఒకే వైశాల్యం ఉన్న దీర్ఘచతురస్రాలు గీసి, మధ్యబిందువులు కలిసేలా ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాడు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి భాగమూ, అన్నిటినీ ఇముడ్చుకునే బయటి చట్రమూ రెండూ ఒకే ఆకారంలో వచ్చాయి, 1.78కి దగ్గరగా. మీ పిల్లలు జియామెట్రీ నేర్చుకుంటుంటే కాగితాలు కత్తిరించి చేయించండి. 1.33ని 2.35తో గుణించి వర్గమూలం తీసినా 1.77 వస్తుంది. 4:3ని దానితోనే గుణిస్తే ఖచ్చితంగా 16:9. అంటే 16:9 ఎవరికీ సొంత ఇల్లు కాదు. అందరూ కొంచెం ఇరుకుపడి సర్దుకునే సత్రం. దాని మీద ఏ బొమ్మ వేసినా ఎక్కడో ఓ చోట కొంత ఖాళీ మిగలడం పుట్టుకతోనే రాసిపెట్టి ఉంది. ఆ ఖాళీని చూసి కంగారుపడి నింపడానికి ప్రయత్నించడం వల్లే నష్టాలన్నీను.

ఖాళీ ఎంతో కూడా చూద్దాం. 4:3 బొమ్మని కొయ్యకుండా 16:9 తెరమీద పెడితే పావువంతు ఖాళీ, ఎడమా కుడీ సమానంగా. సినిమాస్కోప్ పెడితే కూడా దాదాపు పావువంతే, పైనా కిందా. ఈ పట్టీలు చూసి “డబ్బులు పెట్టి యాభై అయిదు అంగుళాల టీవీ కొంటే సగం వాడుకోనివ్వవేంట్రా” అని మా పెదనాన్నగారు కోప్పడేవారు. ఆయన తృప్తికోసం టీవీ కంపెనీలు రిమోట్‌లో ‘వైడ్’, ‘జూమ్’, ‘స్ట్రెచ్’ లాంటి పేర్లతో మీటలు పెట్టాయి. కొన్ని టీవీల్లో ఇంకో తెలివి కూడా ఉంది. మధ్యభాగాన్ని సాగదియ్యకుండా అంచుల్ని మాత్రమే బాగా సాగదీస్తుంది. మధ్యలో ఉన్న పెళ్ళికూతురు చక్కగానే ఉంటుంది, పక్కనున్న తోటికోడలు ఉబ్బిపోతుంది. కెమెరా పక్కకి తిరిగితే మనుషులు అంచునుంచి మధ్యకి వస్తూ చిక్కిపోయి, అవతలి అంచుకి వెళ్తూ మళ్ళీ లావెక్కుతారు. చూసేటప్పుడు మీ టీవీలో ఏ మీట నొక్కుకున్నా మీ ఇష్టం, ఫైలుకేమీ కాదు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్లో ‘ఏ’ అక్షరం నొక్కుతూపోతే నిష్పత్తులు ఒక్కొక్కటే మారుతూ కనబడతాయి, అదీ చూపుకే. నా పేచీ అంతా ఆ మార్పుని ఫైల్లోకి శాశ్వతంగా ఎక్కించడంతోనే.

ఇప్పుడు అసలు రోగం ఎక్కడ మొదలవుతుందో చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి, ముగ్గుతో చెప్తాను. పక్కపక్క ఇళ్ళలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే పుస్తకం చూసి ముగ్గేస్తున్నారు. అడ్డంగా పదిహేను చుక్కలు, నిలువుగా పదిహేను చుక్కలు. అక్క చుక్కకీ చుక్కకీ మధ్య అన్ని వైపులా ఒకే దూరం పెట్టింది. చెల్లెలి వాకిలి వెడల్పెక్కువ, అందుకని అడ్డంగా ఎడం ఎక్కువిచ్చింది. పుస్తకం ఒక్కటే, చుక్కల లెక్క ఒక్కటే, గీతలూ అవే. అక్క ముగ్గులో పద్మం గుండ్రంగా వచ్చింది, చెల్లెలిది పడవలా వచ్చింది. పుస్తకంలో చుక్కల లెక్క మాత్రమే ఉండి, ఎంత ఎడం పెట్టాలో రాయకపోతే తప్పు ఎవరిదనాలి?

డీవీడీ సరిగ్గా అలాంటి పుస్తకం. అమెరికా పద్ధతి డీవీడీలో బొమ్మకి అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 480. భాగిస్తే 1.5 వస్తుంది. అది 4:3 కాదు, 16:9 కూడా కాదు! రెండు ఆకారాల బొమ్మలకీ అవే 720, 480 చుక్కలు. చుక్కల్ని కాస్త దగ్గరగా జరిపి 640 చుక్కల వెడల్పంత చోటులో సర్దితే 4:3 అవుతుంది. ఎడంగా జరిపి 853 చుక్కలంత చోటులో పరిస్తే 16:9 అవుతుంది. ఇండియాలో వాడిన పాల్ పద్ధతిలో నిలువు చుక్కలు 576, అక్కడా ఇదే తిరకాసు. ఏ ఎడం పెట్టాలో చెప్పే గుర్తు ఫైలు మొదట్లో ఉంటుంది. డీవీడీల్లో వాడే ఎంపెగ్-2 పద్ధతిలో ఆ గుర్తుకి కేటాయించిన చోటు నాలుగంటే నాలుగు బిట్లు. ఒక గంట పెళ్ళి వీడియోలో కోట్లకొద్దీ బిట్లుంటే, మీ తాతయ్య సన్నమా లావా అని నిర్ణయించేవి ఆ నాలుగు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఆ గుర్తు పడిపోయినా, ఎవరైనా దాన్ని తప్పుగా రాసినా, బొమ్మ చెక్కుచెదరకుండా ఉండి కూడా తప్పుగా కనిపిస్తుంది.

అందువల్ల మీ ఇంట్లో వీడియో సాగినట్టు కనబడితే వెంటనే దాన్ని ‘బాగుచెయ్యడానికి’ మళ్ళీ కొత్త ఫైలుగా తయారుచేయించకండి. అలా చేసిన ప్రతిసారీ బొమ్మని కొత్తగా కుదించి రాస్తారు కనుక కొంత స్పష్టత పోతుంది. పాత కేసెట్లలో ఉన్నదే అంతంతమాత్రం. ముందు చుక్కల లెక్క చూడండి. 720, 480 అనో 720, 576 అనో ఉంటే చాలాసార్లు పాడైంది గుర్తు మాత్రమే. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనంలో ఒక్క ఆజ్ఞతో బొమ్మని ముట్టుకోకుండా గుర్తు మాత్రం మార్చుకోవచ్చు, గంట వీడియోకి కొద్ది సెకన్లు పడుతుంది. 1920, 1080 ఉండి, తెరంతా నిండి, మనుషులు లావుగా ఉంటే సాగదీసి రాసేశారన్నమాట. అప్పుడు కూడా ఫైల్లో ‘ఇది 4:3’ అని గుర్తు రాస్తే, దాన్ని గౌరవించే ప్లేయర్లలో సరిపోతుంది. గౌరవించనివాటి కోసమైతే 1440కి కుదించి ఇంకో ప్రతి చేసుకోవాలి. మొదటిది మాత్రం చెరపకండి.

సాగిందో లేదో కంటితో తేల్చుకోలేకపోతే బొమ్మలో గుండ్రటి వస్తువు వెతకండి. హారతిపళ్ళెం పనికిరాదు, దాన్ని మనం ఏటవాలుగా చూస్తాం కనుక ఎప్పుడూ కోలగానే ఉంటుంది. గోడ గడియారం ఎదురుగా కనబడితే బ్రహ్మాండం. లేకపోతే ఎదురుగా చూస్తున్న పెద్దావిడ నుదుటి మీద రూపాయి కాసంత కుంకుమబొట్టు. తెర దగ్గరికెళ్ళి స్కేలుతో అడ్డం, నిలువు కొలవండి. అడ్డం, నిలువు కన్నా మూడోవంతు ఎక్కువుంటే 4:3ని 16:9గా సాగదీశారన్నమాట. మా అమ్మమ్మగారి బొట్టుతో నేను నాలుగు కేసెట్ల లెక్క తేల్చాను.

ఇంకో చిత్రమైన కేసు కూడా మన పెళ్ళి డీవీడీల్లో తరచుగా కనబడుతుంది. బొమ్మకి నాలుగు వైపులా నల్లపట్టీలుండి, మధ్యలో పోస్టుబిళ్ళలా వీడియో. కెమెరా 16:9లో తీసింది. దాన్ని పైనా కిందా పట్టీలతో 4:3 డీవీడీ చేశారు. ఆ డీవీడీని మన వెడల్పు టీవీ ఎడమా కుడీ పట్టీలతో చూపిస్తోంది. ముప్పావులో ముప్పావు, అంటే తెరలో నూటికి యాభై ఆరు పాళ్ళే వాడకంలో ఉంది. ఇక్కడ మాత్రం కత్తెర వాడవచ్చు. ఎందుకంటే కోసేది బొమ్మని కాదు, నల్లరంగుని. టీవీలో ‘జూమ్’ మీట పెట్టినా సరిపోతుంది. ఆ మీటకి ఉన్న న్యాయమైన ఉపయోగం ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ఇక ఖాళీని ఏదో ఒకదానితో నింపితీరాలి అనేవారి సంగతి. అన్నిటికన్నా సాధారణమైనది, అదే బొమ్మని పెద్దది చేసి మసకబరిచి వెనకాల పరదాలా వెయ్యడం. టీవీ వార్తల్లో ఫోను వీడియోలు చూపించేటప్పుడు చేసేది ఇదే. నాకు అంతగా నచ్చదు. కన్ను ఊరికే పక్కకి పోతుంది. కానీ మధ్యలో అసలు బొమ్మ అలాగే ఉంటుంది కనుక అభ్యంతరం పెట్టను. షష్టిపూర్తికి స్లైడ్ షో చేసేటప్పుడు పట్టీలు నలుపు బదులు ముదురు మెరూన్ రంగో, అమ్మ పట్టుచీర అంచు బొమ్మో వేసినా బాగుంటుంది. ఫొటో స్టూడియోవాళ్ళు వెనకటికి ఫొటో చుట్టూ అట్ట కట్టి ఇచ్చేవారు కదా, ఆ అట్టని చూసి ఫొటో చిన్నదైపోయిందని ఎవరూ అనలేదు.

2007లో షాయ్ అవిడాన్, ఏరియల్ షమీర్ అనే ఇద్దరు నిజంగా కొత్త ఆలోచన చేశారు. దాని పేరు సీమ్ కార్వింగ్. పంట తొక్కకుండా చేను దాటాలనుకోండి. ఒక వరసలోంచి పక్క వరసలోకి అడుగేస్తూ, ఎక్కడ పైరు పల్చగా ఉందో చూసుకుంటూ ఇవతలి గట్టునుంచి అవతలి గట్టుకి వెళ్తాం. బొమ్మలో కూడా పైనుంచి కిందికి, వరసకి ఒక్క చుక్క చొప్పున, విశేషమేమీ లేని చుక్కల మీదుగా వంకర దారి ఒకటి వెతుకుతుంది ఈ పద్ధతి. ఆకాశం, గోడ, ఇసుక, ఇలాంటి చోట్ల. ఆ దారిలోని చుక్కలు తీసేస్తే బొమ్మ ఒక చుక్క సన్నబడుతుంది. వాటి పక్కనే అలాంటివే ఇంకో వరస చేరిస్తే ఒక చుక్క వెడల్పవుతుంది. మన 1440ని 1920 చెయ్యాలంటే ఇలాంటి దారులు 480 చేర్చాలి. 2008కల్లా ఫొటోషాప్‌లోకి దీనికి దగ్గరి సదుపాయం వచ్చేసింది. విశాఖ బీచిలో ఇద్దరు నిలబడ్డ ఫొటోకి వాడి చూడండి, ఇంద్రజాలంలా ఉంటుంది. సముద్రం వెడల్పవుతుంది, మనుషులు అలాగే ఉంటారు.

పెళ్ళి పందిట్లో వాడితే మాత్రం పప్పులో కాలేసినట్టే. మామిడాకులు, పూలదండలు, జరీ అంచులు, కిక్కిరిసిన జనం. పల్చటి పైరు ఎక్కడా లేదు. బొమ్మ మొత్తంలో నున్నగా, విశేషం లేకుండా ఉండేవి ఏమిటంటే, మనుషుల బుగ్గలు! ఈ పద్ధతి దృష్టిలో బుగ్గ ఖాళీ చేను. దారులన్నీ ముఖాల మీదుగానే పోతాయి. అందుకే దాన్ని కనిపెట్టినవారే ముఖాల్ని గుర్తించి కాపాడే ఏర్పాటు కూడా జోడించవలసి వచ్చింది. వీడియోలోనైతే ఒక్కో ఫ్రేములో దారి ఒక్కోచోట పడి బొమ్మ నీళ్ళలో ఉన్నట్టు ఊగుతుంది. దానికీ 2008లో మందు వేశారు గాని, ఇంటి వీడియోలకి నేనైతే సలహా ఇవ్వను.

2022 నుంచీ బాగా వాడుకలోకి వచ్చినది లేని గుడ్డ నేసి అతికే పద్ధతి. కృత్రిమ మేధకి మీ ఫొటో ఇచ్చి ‘రెండు పక్కలా పెంచు’ అంటే, అక్కడ ఏముంటే బాగుంటుందో ఊహించి గీసేస్తుంది. అతుకు కనబడదు. చెట్లూ మేఘాలూ అయితే ఎవరికీ నష్టం లేదు. కానీ పాత గ్రూప్ ఫొటోల అంచున ఎప్పుడూ ఒక సగం మనిషి ఉంటాడు. ఒక భుజం, ఒక పంచె చెంగు, ఎవరిదో చంటిపిల్ల చెయ్యి. యంత్రం ఆ భుజానికి తల కూడా గీస్తుంది. ఆ తల మన వంశంలో ఎవరిదీ కాదు. ఇప్పుడు చూస్తున్న మనం నవ్వుకుంటాం. పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్ళు పోయాక, నలభై ఏళ్ళ తరువాత చూసే పిల్లలు ఈయనెవరు, పెదతాతగారి తమ్ముడా అని వంశవృక్షంలో వెతుకుతారు. సగం భుజమే మిగిలితే కనీసం ‘ఇక్కడెవరో ఉన్నారు, తెలియదు’ అనైనా తెలిసేది. కుటుంబం ఫొటోలకి ఇది వాడితే ఆ ప్రతి పేరులోనే ‘కల్పించినది’ అని రాసి పెట్టండి, అసలుని వేరే ఉంచండి.

కాగితం మీద ప్రింట్లకీ ఇదే గొడవ, ఇక్కడ ఇంకా ఎక్కువ మంది నష్టపోతున్నారు. నాలుగు-ఆరు అంగుళాల ప్రింటు నిష్పత్తి 1.5. అయిదు-ఏడు 1.4. ఎనిమిది-పది 1.25. చాలా ఫోన్లు తీసే ఫొటో 1.33. ఒక్కటీ ఒక్కదానితో కలవదు. 1.5 ఫొటోని ఎనిమిది-పది నిండా వేయిస్తే వెడల్పులో ఆరోవంతు పోతుంది. పన్నెండు మంది వరసగా నిలబడ్డ ఫొటోలో ఇద్దరు, అటొకరు ఇటొకరు. చివర నిలబడేది ఎప్పుడూ మొహమాటస్తులైన చుట్టాలే. ఆర్డరు పెట్టేటప్పుడు కొయ్యకుండా మొత్తం పట్టించమనే ఎంపిక చాలాచోట్ల ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే పైనా కిందా ముప్పావంగుళం లోపు తెల్లటి అంచు వస్తుంది. ఫ్రేములో ఆ అంచు ఎబ్బెట్టుగా ఏమీ ఉండదు.

పాస్‌పోర్టు ఫొటోల గురించి ఒక్కమాట. అమెరికా పాస్‌పోర్టుకి ఇవి రెండంగుళాల చదరాలు. దీర్ఘచతురస్రంగా ఉన్న ఫొటోని చదరంలోకి సాగదీసి అప్లోడ్ చేస్తే అది మీ ముఖం కాదు. ఇంకొకటి తీయించుకోండి, అంతకంటే తేలిక దారి లేదు.

మిగిలింది నిలువు వీడియో. నిలువుగా తీసిన వీడియో 16:9 టీవీలో మూడోవంతు కన్నా తక్కువ చోటే వాడుకుంటుంది. దాన్ని అడ్డంగా మార్చే మంత్రమేదీ లేదు. కోస్తే నిలబడ్డ మనిషికి నడుముదాకానే మిగులుతుంది. సాగదీస్తే మూడు రెట్ల పైన లావవుతుంది. ఒక్క మనిషి పాడుతుంటేనో, పసివాడు నడుస్తుంటేనో నిలువే అందం, ఫోనులో చూసుకోవడానికి అదే సుఖం. పందిరి మొత్తం, సంక్రాంతి బొమ్మలకొలువు, సంఘం వేదిక మీద పాతికమంది పిల్లల కూచిపూడి తీసేటప్పుడు ఫోను పడుకోబెట్టండి. తీసేటప్పుడు చుట్టూ కాస్త చోటు వదలండి. రేపు ఏ ఆకారం టీవీ వస్తుందో మనకి తెలియదు.

ఇండియానుంచి తెచ్చిన కేసెట్లు ఇంకా అటకమీద ఉంటే, మార్చడానికి ఇచ్చేముందు దుకాణంవారితో మూడు మాటలు చెప్పండి. ఇది పాల్ కేసెట్టు, సెకనుకి పాతిక ఫ్రేములు, అలాగే పట్టండి. బొమ్మ 4:3లోనే ఉంచండి, సాగదియ్యొద్దు, కొయ్యొద్దు, ఏమీ ‘మెరుగు’ చెయ్యొద్దు. కేసెట్టు నాకు వెనక్కి ఇచ్చెయ్యండి. ఇవ్వబోయేముందు కేసెట్టు డబ్బా మీద పేర్లు, ఊరు, సంవత్సరం పెన్నుతో రాయండి. మా డబ్బా మీద ‘పెళ్ళి-2’ అని మాత్రమే ఉంది, ‘పెళ్ళి-1’ ఎవరింట్లో ఉందో ఇంకా వెతుకుతున్నాం.